సుద్దగీత

ఆ ఇంట్లో బడిపంతులన్నవాడు ఏ తరంలోనూ లేడు. అయినా పెద్దాయనను వీధి వీధంతా మాస్టారూ అనే పిలుస్తుంది. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండటమే అందుకు కారణం. ముప్పై ఏళ్ళు టైర్ల దుకాణంలో పనిచేసి, అది మానేశాక, ఇంటి పక్క రేకుల షెడ్డులో మోటారుసైకిల్ చక్రాలకు తూకం సరిచేస్తూ కాలక్షేపం చేస్తున్నాడు. కాలక్షేపమని ఆయన అంటాడు. ఆదివారం పొద్దున్నే చక్రాలు భుజాన వేసుకుని షెడ్డు ముందు నిలబడ్డవాళ్ళను చూస్తే మాత్రం అలా అనిపించదు.

తూకం అంటే ఏమిటో కాస్త చెప్పాలి. చక్రం గుండ్రంగా ఉన్నంత మాత్రాన చుట్టూ ఒకే బరువు ఉండదు. టైరు ఒకచోట మందంగా ఉంటుంది, గాలి కొట్టే వాల్వు ఒకచోట బరువు లాగుతుంది. మెల్లగా పోతున్నప్పుడు తెలియదు గానీ, బండి వేగం అందుకున్నాక హ్యాండిల్ వణకడం మొదలుపెడుతుంది. అందుకని చక్రాన్ని ఊడదీసి, దాని ఇరుసు మీదే రెండు ఇనుప కాళ్ళ మధ్య నిలబెట్టి, మెల్లగా తిప్పి వదలాలి. బరువున్న వైపు ఊగి ఊగి కిందికొచ్చి ఆగుతుంది. దానికి సరిగ్గా ఎదురుగా, పైన, రిమ్ముకి చిన్న సీసం ముక్క అతికించాలి. మళ్ళీ తిప్పాలి, మళ్ళీ అతికించాలి. చివరికి చక్రం ఎక్కడ వదిలితే అక్కడ, ఎటూ జారకుండా ఆగిపోతే పని అయినట్టు.

అప్పుడు మాస్టారు జేబులోంచి సుద్దముక్క తీసి, ఇరుసు చివరనున్న నట్టు మీది నుంచి స్టాండు కాలి దాకా ఒక తెల్లటి గీత గీస్తాడు. నేను చూశాను, ఇక ఎవరూ చెయ్యి పెట్టకండి అని ఆ గీతకి అర్థం. ఆ తర్వాత ఎవరైనా నట్టు తిప్పితే గీత రెండు ముక్కలై పక్కకి తప్పుకుంటుంది, చెయ్యి పెట్టినవాడు దొరికిపోతాడు. ఆ గీత గీసే హక్కు ఆ ఇంట్లో ఒక్కరిదే. ఈ కథలోని కడుపుమంటంతా దాని గురించే.

కడుపుమంట పెద్దమ్మాయిది. ఆమెకి నలభై దాటాయి, పెళ్ళయి రెండు వీధుల అవతల కాపురం ఉంటోంది, అయినా పుట్టింట్లో ఇంకా పెద్దమ్మాయే. ఆసుపత్రుల నుంచి రక్తం సీసాలు పట్టుకెళ్ళి పరీక్షల కేంద్రంలో ఇచ్చే ఉద్యోగం ఆమెది. పొద్దుట్నించీ సాయంత్రం దాకా మోటారుసైకిల్ మీదే బతుకు. పదహారో ఏట మొదటిసారి ఆ షెడ్డులో కాలుపెట్టింది. సీసం ముక్క ఎక్కడ పడాలో కంటితో చెప్పగలిగే స్థాయికి రావడానికి పదేళ్ళు పట్టింది. ఇన్నేళ్ళలో ఆమె పని చూసి తండ్రి అన్న మాట ఒక్కటే: "ఊఁ."

అందులో కూడా రకాలున్నాయని ఆమె కనిపెట్టుకుంది. పొట్టి ఊఁ అంటే మళ్ళీ చెయ్యమని. సాగదీసిన ఊఁ అంటే పరవాలేదని. ముక్కులోంచి వచ్చే ఊఁ అంటే బాగుందని. ముక్కు ఊఁ వచ్చిన రోజు ఇంటికెళ్ళి మొగుడికి ఏ కారణం చెప్పకుండానే నవ్వుతూ వడ్డించేది. పాపం ఆ మనిషికి ఎందుకో ఎప్పుడూ అర్థం కాలేదు.

అలాంటి ఇంట్లోకి ఏడాది కిందట తమ్ముడి భార్యగా మరదలు వచ్చింది. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆమెది. వెంట్రుకలో సగం తేడా వచ్చినా వేలి కొనతో పట్టేస్తుంది. మొదట్లో మామగారిని భోజనానికి పిలవడానికి షెడ్డులోకి వచ్చేది. తర్వాత పిలవడానికి వచ్చి అక్కడే నిలబడిపోయేది. మూడో నెలకల్లా ఒక చక్రం తనే ఎక్కించి, తిప్పి, రెండు సీసం ముక్కలతో సరిచేసేసింది. మాస్టారు కళ్ళు చికిలించుకుని దాన్ని చూసి, "భేష్" అన్నాడు.

భేష్. ఆ మాట నాన్నకి వచ్చన్న సంగతే పెద్దమ్మాయికి తెలియదు. అది వినపడగానే చేతిలో ఉన్న రెంచీ కింద పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ కింద పెట్టింది. నిజం చెప్పొద్దూ, తనకి రాని పాతికేళ్ళ భేష్‌లన్నీ కలిపి ఆ పిల్లకి ఒక్కసారే ఇచ్చేసినట్టు అనిపించింది ఆమెకి.

అప్పట్నించీ మరదలు ఏం చేసినా తప్పే. సీసం ముక్కలన్నీ పాత డబ్బాలో కలగాపులగంగా ఉంటే, ఆ పిల్ల వాటిని బరువు ప్రకారం అరల పెట్టెలో సర్దింది. "ఇప్పుడు ఏదీ దొరకడం లేదు" అని పెద్దమ్మాయి సణిగింది. అన్నీ దొరుకుతూనే ఉన్నాయి, అదే ఆమె బాధ. ఆ తర్వాత మరదలు మామగారి కళ్ళు పరీక్ష చేయించి, తన చేతులతో అరగదీసిన అద్దాలతో కళ్ళజోడు చేసి పెట్టింది. ఆయన దాన్ని వచ్చిన ప్రతివాడికీ తీసి చూపించేవాడు. "మా కోడలు చేసింది. అవతలి గోడ మీద చీమ కూడా కనిపిస్తుంది" అనేవాడు. నాన్న పేపరుని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదువుతున్నాడని ఆమె కంటే ముందు తనే గమనించిందని, వచ్చే నెల తీసుకెళ్దాం, వచ్చే నెల తీసుకెళ్దాం అని తనే వాయిదా వేసిందని పెద్దమ్మాయి ఎవరితో చెప్పుకుంటుంది?

పోనీ ఆ పిల్ల పొగరుమోతయితే తిట్టుకోవడానికైనా వీలుండేది. వదినా, వదినా అంటూ వెనకాలే తిరుగుతుంది. అడిగిందే అడిగి నేర్చుకుంటుంది. అసూయపడేవాళ్ళకి మంచివాళ్ళు పెట్టినంత హింస చెడ్డవాళ్ళు పెట్టలేరు.

ఇలా ఉండగా నెల మొదట్లో మాస్టారు ఒక మాట అన్నాడు. ఆయనకి రెండేళ్ళ కిందట నిమ్ము చేసి నెల రోజులు మంచాన పడ్డాడు. లేచాడు గానీ దగ్గు మాత్రం పోలేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

"మోకాళ్ళు వంగనంటున్నాయి, దగ్గు వదలనంటోంది. ఈ నెలాఖరు ఆదివారం సుద్దముక్క ఎవరో ఒకరికి ఇచ్చేసి కుర్చీలో కూర్చుంటాను" అన్నాడు.

ఎవరో ఒకరికి. ఆ మాట పెద్దమ్మాయి చెవిలో జోరీగలా దూరి నెలంతా రొద పెట్టింది. ఎవరో ఒకరేమిటి? పాతికేళ్ళుగా ఆ షెడ్డులో నిలబడ్డది ఎవరు? ఆయన గీత గీస్తుంటే చక్రం కదలకుండా పట్టుకున్నది ఎవరు? తనకి అని చెప్పడానికి నోరు రాకపోతే మానె, ఎవరో ఒకరికి అనడమెందుకు? ట్రాఫిక్ దీపాల దగ్గర ఆగినప్పుడల్లా ఇదే గొడవ. వెనకవాళ్ళు హారన్ కొడితే గానీ బండి కదిలించేది కాదు.

నెలాఖరు ఆదివారం రానే వచ్చింది.

ఆ రోజు ఇద్దరూ ఒక్కో చక్రం పట్టుకొచ్చారు. పెద్దమ్మాయిది తన బండి వెనక చక్రం. మరదలిది తన బండి ముందు చక్రం. కొత్త టైరు వేసి, బేరింగులు కూడా కొత్తవి మార్పించింది. మర్నాడు పొద్దున ఆ బండి మీదే నాలుగు గంటల ప్రయాణం చేసి పుట్టింటికి వెళ్ళాలి ఆమె.

ముందు పెద్దమ్మాయి ఎక్కించింది. చక్రం ఊగింది. ముక్క అతికించింది. మళ్ళీ ఊగింది. ఇంకో ముక్క. నాన్న చూస్తున్నాడన్న స్పృహతో చేతులు తడబడి, సగం ముక్క సరిపోయేచోట ముక్కంతా అతికించి, ఊడపీకి, మళ్ళీ మొదలుపెట్టింది. గంట పట్టింది. చివరికి ఐదు ముక్కలతో ఆగింది.

"అక్కా, నీ చక్రానికి నగలెక్కువయ్యాయే" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ తమ్ముడు.

"నీ పెళ్ళాం చక్రానికి కూడా చూద్దాంలే" అంది ఆమె. నవ్వుతూనే అంది గానీ పళ్ళు మాత్రం కొరుక్కుంది.

మాస్టారు వచ్చి, తిప్పి చూసి, "ఊఁ" అన్నాడు. సాగదీసిన ఊఁ. పరవాలేదని.

తర్వాత మరదలు. టైరు మీది పసుపు చుక్కని వాల్వుకి సూటిగా ఉండేలా ముందే కూర్చుకొచ్చింది. టైరులో తేలికైన చోటు అది, వాల్వు బరువుకి దాని తేలిక సరిపోతుంది. చక్రం స్టాండుకి ఎక్కించి, నట్టు బిగించి, మెల్లగా తిప్పి వదిలింది. వదిలినచోట ఆగింది. పావు చుట్టు తిప్పి వదిలింది. అక్కడే ఆగింది. అర చుట్టు. అక్కడా ఆగింది. ఒక్క సీసం ముక్క కూడా పట్టలేదు. అరల పెట్టె మూత తీసే పనే లేకపోయింది.

మాస్టారు కుర్చీలోంచి లేచొచ్చి తనూ నాలుగుసార్లు తిప్పి వదిలాడు. నాలుగుసార్లూ ఆగింది.

"భేష్" అన్నాడు. "ముక్క పట్టని చక్రం నా సర్వీసులో మూడో నాలుగో చూశాను."

సుద్దముక్క తీసి నట్టు మీది నుంచి గీత గీశాడు. పెద్దమ్మాయి ఆ గీత చూడలేదు. చేతులు కడుక్కునే నెపంతో కుళాయి దగ్గరికి పోయి, శుభ్రంగా ఉన్న చేతులనే మళ్ళీ మళ్ళీ రుద్దుకుంటోంది. "అన్నాలు తిన్నాక ఇస్తాను సుద్దముక్క" అని వెనక నుంచి నాన్న గొంతు వినిపించింది.

భోజనాల దగ్గర అదే ముచ్చట. "ఆ పసుపు చుక్క పెట్టడంలోనే ఉంది" అంటాడు ఆయన. "మీరు చెప్పిందే కదా మామయ్యా" అంటుంది ఆ పిల్ల. "చెప్పడం అందరికీ చెప్పాను" అంటాడు. ఆ అందరిలో ఉన్న ఒక్కతీ ముద్ద మింగలేక నీళ్ళు తాగింది. ఫోనొచ్చిందని అబద్ధం చెప్పి, చెయ్యి కడుక్కుని, నేరుగా షెడ్డులోకి వెళ్ళింది.

ఎందుకెళ్ళిందో ఆమెకి బాగా తెలుసు. తప్పు వెతకడానికి. ఒక్క తప్పు, చిన్నదైనా చాలు. చక్రాన్ని ఇటు తిప్పి వదిలింది, ఆగింది. అటు తిప్పి వదిలింది, ఆగింది. వాల్వు పైకి, వాల్వు కిందికి, వాల్వు పక్కకి. ఎక్కడ పెడితే అక్కడ, చెప్పినమాట వినే పిల్లలా నిలబడింది. అది కూడా ఆ పిల్లలాగే ఉంది, ఒక్క వంక దొరకనివ్వడం లేదు. పెద్దమ్మాయికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపంతో వచ్చిన నీళ్ళు అవి, జాలి పడాల్సిన పనిలేదు.

టైరు మీద కాస్త సుద్దపొడి రాలి ఉంది. చేతి అలవాటు కొద్దీ, మనసు ఎక్కడో ఉండి, దాన్ని ఉఫ్‌మని ఊదింది.

పొడి ఎగిరిపోయింది. చక్రం కదల్లేదు.

పెద్దమ్మాయి ఇంకాస్త దగ్గరికి వంగింది. మళ్ళీ ఊదింది, ఈసారి బుగ్గలు పూరించి, గట్టిగా. కదల్లేదు. పక్కనే గోడకి ఆనించి ఉన్న తన చక్రాన్ని ఎన్నిసార్లు ఊది పొడి దులిపింది, దులిపినప్పుడల్లా అది ఎంత బద్ధకంగానైనా వేలెడు కదిలేది. అప్పుడు గుర్తొచ్చింది. నాన్న ఊదేవాడు. గీత గీసే ముందు, ప్రతి చక్రానికీ, వంగి ఒక్కసారి ఊదేవాడు. ఊదితే కదలాలి, అది ముందు. ఆగడం సంగతి ఆ తర్వాత. పదహారో ఏట ఆమెకి చెప్పిన మొదటి పాఠం అదే. ఊపిరికి కూడా కదిలేంత వదులుగా తిరిగే చక్రం ఎక్కడ వదిలితే అక్కడ ఆగితేనే దానికి తూకం కుదిరినట్టు. బిగుసుకుపోయిన చక్రం ఎక్కడైనా ఆగుతుంది. గోడ కూడా ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది.

నట్టుని వేళ్ళతో తిప్పబోయింది. రాలేదు. రెంచీతో బిగించిన నట్టు. స్టాండు మీద దాన్ని వేళ్ళతో తగిలించి వదిలెయ్యాలి. బిగిస్తే కొత్త బేరింగులు నొక్కుకుపోయి పట్టేస్తాయి. అద్దాలు అరగదీసే పిల్ల, ఏదైనా కదలకుండా బిగించి పనిచేసే అలవాటు, ఇదీ బిగించేసింది. ఊదడం గురించి ఆమెకెవరూ చెప్పలేదు. ఆమె ఈ ఇంటికొచ్చేసరికే ఆ ఊదడం ఆగిపోయింది.

ఇదంతా ఒక్కసారిగా ఆలోచించిందని అనుకోకండి. ఎందుకు, ఎలా అన్నవి తర్వాత. ముందు ఆమెకి కలిగింది సంతోషం, ఒళ్ళంతా పాకే సంతోషం. ఇంకో సంగతి కూడా దాచకూడదు. ఊరుకుంటే ఏమవుతుంది అనే ఆలోచన కూడా వచ్చింది. రేపు నాలుగు గంటల ప్రయాణంలో హ్యాండిల్ వణుకుతుంది, అప్పుడు తెలుస్తుంది భేష్ సంగతి. ఆ ఆలోచనని అక్కడే తొక్కేసింది. అంత చెడ్డది కాదు. కానీ రేపు ఎక్కడో రోడ్డు మీద తెలిసే కంటే ఇప్పుడు, సుద్దముక్క చేతులు మారకముందు, అందరి ఎదుటా తెలియడం బాగుంటుందనిపించింది. అందులో మంచితనం ఎంతో కుళ్ళు ఎంతో తూకం వెయ్యడం కష్టం.

"నాన్నా, ఒకసారి ఇలా రా" అని కేకేసింది. "అందరూ రండి."

వచ్చారు. మాస్టారు తుండుతో చెయ్యి తుడుచుకుంటూ, వెనకాల మరదలు, గుమ్మంలో తమ్ముడు.

"ఇది ఆగింది కదా, భేష్ అన్నావు కదా. చూడు." పెద్దమ్మాయి అరల పెట్టె తెరిచి, అన్నిటికంటే బరువైన సీసం ముక్క తీసి, చక్రానికి ఒక పక్కన అతికించింది. తూకం కుదిరిన చక్రమైతే ఆ ముక్కతో సహా జర్రున కిందికి తిరగాలి. తిరగలేదు. దాని పక్కనే ఇంకోటి అతికించింది. చక్రం ఉలకలేదు, పలకలేదు.

"ఇది తూకం కాదు నాన్నా, బిగుసుకుపోయింది. కావాలంటే నువ్వే ఊది చూడు. నాకు నువ్వు నేర్పిందే కదా."

ఊది చూడు. ఆ మాట నోటి నుంచి వచ్చాక గానీ అదేమిటో ఆమెకి తెలియలేదు.

మాస్టారు వంగాడు. పెదాలు ముందుకి చాపాడు. ఊపిరి తీసుకున్నాడు. తీసుకున్నది బయటికి రాకముందే దగ్గు తెర కమ్మింది. ఒక చేత్తో స్టాండు పట్టుకుని, రెండో చెయ్యి గుండె మీద పెట్టుకుని, చాలాసేపు దగ్గాడు. తగ్గాక మళ్ళీ వంగి ఊదబోయాడు. గాలి వచ్చింది గానీ టైరు మీద మిగిలిన పొడి కూడా కదల్లేదు.

అప్పుడు అర్థమైంది పెద్దమ్మాయికి. రెండేళ్ళుగా నాన్న ఊదడం లేదు. మరిచిపోయి కాదు. ఊపిరి చాలక. రెండేళ్ళుగా సగం పరీక్షే చేసి గీత గీస్తున్నాడు, ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు. పక్కనే నిలబడ్డ తనకి కూడా. మరదలి తప్పు చూపించాలని పిలిచింది, తీరా అందరి ముందూ నిలబెట్టింది నాన్నని.

మాస్టారి మొహంలో రంగు మారింది. ఎవరినీ చూడకుండా, "ఇది నేను చూసిన చక్రమే" అన్నాడు మెల్లగా. "నేను చూసే గీత గీశాను." చెయ్యి జేబులోకి పోయింది, సుద్దముక్క తీసి ఏం చేస్తాడో తెలియదు గానీ, ఆ చెయ్యి వణుకుతోంది.

పెద్దమ్మాయికి ఏదో అనాలనిపించింది. ఏం అనాలో తట్టలేదు.

"మామయ్యా, మీరు చూసినప్పుడు బాగానే ఉందండీ" అంది మరదలు. "మీరు చూశాకే నేను పాడుచేశాను."

"నువ్వా?"

"మీరు చేతులు కడుక్కోడానికి వెళ్ళినప్పుడు. రేపు దూరం వెళ్ళాలి కదా, వదులుగా ఉందేమోనని రెంచీతో నట్టు రెండు చుట్లు బిగించేశాను. స్టాండు మీద బిగించకూడదని తెలియదు నాకు. అందుకే పట్టేసినట్టుంది."

ఎంత తేలిగ్గా చెప్పింది. తడుముకోలేదు, కళ్ళు దించలేదు. తప్పు ఎలాగూ ఆమెదే. దాన్ని గీతకి ముందు నుంచి గీత తర్వాతకి జరిపింది, అంతే. సీసం ముక్కని రిమ్ము మీద కాస్త అటు జరిపినట్టు. అంత చిన్న జరపడంతో ముసలాయన మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు.

"బిగించావా" అన్నాడు. ఆ గొంతులో ఆశ లాంటిది వినిపించింది. జేబులోంచి చెయ్యి బయటికి తీశాడు. అందులో సుద్దముక్క లేదు, కళ్ళజోడు ఉంది. తుండు అంచుతో అద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. నట్టు చూడటానికి స్టాండు చుట్టూ తిరిగి ఇటువైపు రాసాగాడు.

పెద్దమ్మాయి నట్టు పక్కనే ఉంది. కిందికి చూసింది. గీత ఉంది. నట్టు మీది నుంచి స్టాండు కాలి దాకా, పొద్దున గీసినట్టే, ఒక్క వెంట్రుకైనా పక్కకి తప్పుకోకుండా, తెల్లగా, తిన్నగా ఉంది. రెండు చుట్లు తిప్పిన నట్టు మీద గీత అలా ఉండదు. అవతలి గోడ మీద చీమని చూపించే కళ్ళజోడు అది. ఇంకో మూడడుగుల్లో అంతా కనిపించేస్తుంది.

ఆమె స్టాండు కాలు పట్టుకున్నట్టు చెయ్యి వేసి, బొటనవేలితో నట్టు మీది గీతని గట్టిగా రుద్దేసింది.

మాస్టారు వచ్చి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "గీత ఏదీ?" అన్నాడు.

"నట్టు తిప్పినప్పుడు చెరిగిపోయినట్టుంది నాన్నా" అంది పెద్దమ్మాయి.

"ఊఁ" అన్నాడు. ఆ ఊఁ ఆమెకి తెలిసిన మూడు రకాల్లో ఏదీ కాదు. నడుం పట్టుకుని లేచి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుంటూ, ఆమె వైపు చూడకుండానే అన్నాడు, "వేలు తుడుచుకో పెద్దమ్మాయీ."

బొటనవేలు తెల్లగా ఉంది. ఆమె పిడికిలి మూసుకుంది. తమ్ముడు గుమ్మంలోంచి ఏదో జోక్ వెయ్యబోయి, భార్య మొహం చూసి మానుకున్నాడు.

నట్టు వదులుచేశారు. పెద్దమ్మాయి ఇందాక అతికించిన రెండు ముక్కలూ పీకేసింది. చక్రం ఇప్పుడు బతికినట్టు ఊగింది. బరువు ఎటు ఉందో చూపించింది. మరదలు ముక్కలు అందిస్తే పెద్దమ్మాయి అతికించింది. మూడు ముక్కలు పట్టాయి. మాస్టారు కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు.

"ఎవరైనా ఊదండి" అన్నాడు.

పెద్దమ్మాయి ఊదింది. చక్రం వేలెడు కదిలి, కదిలినచోటే ఆగింది.

మాస్టారు జేబులోంచి సుద్దముక్క తీసి, స్టాండు పక్కనున్న బల్ల మీద పెట్టాడు. "ఎవరో ఒకరు గీయండి" అన్నాడు.

ఆ ఇద్దరి మధ్య బల్ల మీద అరవేలు పొడవు సుద్దముక్క. దాని కోసం నెలంతా నిద్ర పాడుచేసుకుంది పెద్దమ్మాయి. ఇప్పుడు చెయ్యి చాపడానికి సిగ్గేసింది. నువ్వు గియ్యమ్మా అని చెప్పెయ్యాలి, అదే మర్యాద అని లోపల అనుకుంటూనే ఉంది. అనుకుంటూ ఉండగానే మరదలు ఆ ముక్క తీసి ఆమె అరచేతిలో పెట్టింది.

"మీరు గీయండి వదినా. ఊదడం నాకు రాదు కదా."

ఇదీ ఆమే ముందు అంది.

పెద్దమ్మాయి గీత గీసింది. తిన్నగానే వచ్చింది. కుర్చీలోంచి ఊఁ వినిపించింది. ముక్కులోంచి వచ్చే ఊఁ, బాగుందని. అది విని సంతోషించాల్సిన మనిషి మరదలి వైపు చూస్తూ నిలబడింది. ఆ పిల్ల ఏమీ జరగనట్టు అరల పెట్టెలో మిగిలిన ముక్కలు సర్దుకుంటోంది. ఆమె చేతి పనితనం మీద ఏడాదిగా కుళ్ళుకుంది పెద్దమ్మాయి. పనితనం నేర్చుకోవచ్చు, పదేళ్ళు పడితే పదేళ్ళు. ఇందాక నాన్న చెయ్యి వణికినప్పుడు ఆ అబద్ధం ముందు తన నోటికెందుకు రాలేదో, అది ఎక్కడికెళ్ళి నేర్చుకోవాలో మాత్రం ఆమెకి తెలియలేదు.